లెక్కకు రాని బంతులు

పక్కింటి దోన్యా పురా అందట, ఇస్త్రీలు చేసే మిలేది కొడుకుని బేస్‌బాల్ జట్టువాళ్ళు పెట్టుకున్నది బంతులు వెయ్యడానికి కాదు, కోటు విప్పడానికీ తొడగడానికీ అని. టీవీలో వాణ్ణి ఎప్పుడు చూపించినా ఆ రెండింటిలో ఏదో ఒకటి చేస్తూనే కనపడతాడట. ‘‘అంతమాత్రానికి ఆ కోటునే బెంచీ మీద కూర్చోబెడితే పోలా, మధ్యలో కుర్రాడెందుకు, కూడు దండగ!’’ అని మూలమీది కొట్టు దగ్గర పచ్చి అరటికాయలు ఏరుకుంటూ పదిమంది ముందూ అందట. కొట్టువాడు నవ్వాట్ట. డొమినో బల్ల చుట్టూ కూర్చున్న ముసలాళ్ళు పావులు కింద పెట్టి మరీ నవ్వారట. ఈ సంగతి పొద్దున అమ్మ చెప్పింది, ఎవరివో తెల్లచొక్కాలు ఇస్త్రీ చేస్తూ, తల ఎత్తకుండా. చెప్పి తనూ నవ్వింది. దోన్యా పురా నవ్వితే నవ్వుకోనీ, ఆవిడ నోటికి చర్చిలో ఫాదరుగారికే దిక్కులేదు. అమ్మ నవ్వే అమౌరీకి ఇంకా మింగుడుపడలేదు. నోటితో నవ్వింది, కళ్ళతో నవ్వలేదు. చొక్కా కాలరు మీద పెట్టె పెట్టి, తియ్యాల్సినదానికన్నా ఒక్క క్షణం ఎక్కువ ఉంచింది.

కోటట, కోటు! ఆ కోటు ఇప్పుడూ ఒంటిమీదే ఉంది, అదీ సగమే, కుడిచేతికి మాత్రమే, ఎడంపక్క జారి బెంచీ మీద పడి ఉంది. ఆదివారం మధ్యాహ్నపు ఎండలో ఒంటిచేతి కోటు తొడుక్కుని కూర్చున్నవాణ్ణి చూసి దోన్యా పురా ఏమిటి, ఎవరైనా నవ్వుతారు. తొమ్మిదింట్లో ఎనిమిదో ఇన్నింగ్స్ మొదలవబోతోంది. ఈ ఊరి జట్టూ రాజధాని జట్టూ చెరి మూడు పరుగుల మీద ఉన్నాయి. కంచె అవతల స్టేడియమంతా బాకాల మోత, డప్పుల మోత, పంచదార మిల్లు వైపు నుంచి కాగుతున్న చెరుకురసం వాసన. కంచె ఇవతల దొడ్డి. సముద్రం అవతల ఈ ఆట కనిపెట్టిన ఉత్తరదేశంవాళ్ళు దీనికి ఏ పేరు పెట్టుకున్నా ఇది బందెలదొడ్డే. నాలుగువైపులా వల, రెండు మట్టిదిబ్బలు, రేకు కింద ఒక బెంచీ, గుంజకి తగిలించిన పాత ఫోను. పరాయి చేలో మేసిన గొడ్డుని తోలుకొచ్చి పెట్టినట్టు, బంతులు విసిరే పిచర్లని పిలుపొచ్చేదాకా ఇక్కడ పెడతారు. ఫోను మోగితే లేవాలి, కోటు విప్పాలి, దిబ్బెక్కి క్యాచర్ చేతిలోకి బంతులు వెయ్యాలి, చెయ్యి వేడెక్కించుకోవాలి. మళ్ళీ మోగితే కూర్చోవాలి. మూడో ఇన్నింగ్స్‌లో మోగింది, లేచాడు, వేడెక్కాడు, కూర్చోమన్నారు. ఐదులో మోగింది. ఏడులో మోగింది. ప్రతిసారీ ఒళ్ళంతా పెట్టి వేశాడు, ఎందుకంటే ఏ నిమిషాన ‘నువ్వే, రా’ అంటారో తెలీదు, అన్నప్పుడు సగం ఉడికిన చెయ్యితో వెళ్ళకూడదు. ఇప్పటికి నిండా ఒక ఆట ఆడేసినంత విసిరాడు. కానీ ఎక్కడ విసిరాడు? దొడ్లో. దొడ్లో వేసిన బంతి బంతి కాదు. మైదానం నడుమనున్న దిబ్బ మీద వేసిందే బంతి. రేపు పేపర్లో అతని పేరే ఉండదు, టీవీలో బొమ్మ కింద అతని ఎదురుగా సున్నా కూడా వెయ్యరు, సున్నా వెయ్యాలన్నా ముందు దిగి ఉండాలి కదా. ఇలా కూర్చోబెట్టిన ప్రతిసారీ, వీడు విశ్రాంతిగా ఉన్నాడు, రేపూ వాడుకోవచ్చు అంటుంటాడు మేనేజర్ బాసిలియో. విశ్రాంతట! ఆ మాట తలుచుకుంటేనే అరికాలి మంట నెత్తికెక్కుతోంది.

వేడి, చలవ, వేడి, చలవ. అమ్మ చూస్తే గుండెలు బాదుకునేది. ఇస్త్రీ చేసిన రోజున అమ్మ ఫ్రిజ్ తలుపు తీసేది కాదు. చేతులు కడుక్కునేది కాదు. చెప్పుల్లేకుండా నేల మీద అడుగు పెట్టేది కాదు. వేడి ఒంటికి చల్లదనం తగిలితే అది లోపలికి దిగి కూర్చుంటుందని, నరాలని మెలితిప్పేస్తుందని, దాన్ని పాస్మో అంటారని, దాంతో మూతి వంకర పోయినవాళ్ళని కళ్ళారా చూశానని చెప్పేది. ‘‘అమౌరీ, నాయనా, నీళ్ళ సీసా నువ్వే తీసుకో, నా చేతులు ఇంకా కాలుతున్నాయ్’’ అనేది. చిన్నప్పుడు వాళ్ళింట్లో ఇస్త్రీ రోజంటే ఫ్రిజ్ మీద అతనిదే రాజ్యం. బంతులు వేసొచ్చిన సాయంత్రం అతనికీ అదే చట్టం. స్నానం లేదు, ఐసు లేదు, వేన్నీళ్ళల్లో పిండిన తువ్వాలు మోచేతికి చుట్టి మంచం మీద కూర్చోబెట్టేది. ఆ తర్వాత ఉత్తరదేశంలో ఆ మొక్కజొన్న చేల నడుమ ఊళ్ళో జీతానికి ఆడుతున్నప్పుడు, ఆట అయిపోగానే చేతినిండా ఐసు సంచులు కట్టారు. మొదటిరోజు భయంతో పళ్ళు టకటక కొట్టుకున్నాయి. తోటివాళ్ళు చలికి అనుకుని నవ్వారు. అమ్మకి ఫోన్లో అబద్ధం చెప్పాడు, ‘‘ఐసా? ఎక్కడిదమ్మా ఐసు, తువ్వాలే కడుతున్నారు’’ అని. మోచేతిలో నరం తెగాక మాత్రం దాచలేకపోయాడు. ఊరంతా ఇప్పుడు అదే మాట. మిలేది కొడుకు చెయ్యి పాడైంది ఐసు వల్లేనట. పోనీ వాళ్ళ సుఖం కోసం అలాగే అనుకోనీ. అతనికి తెలుసు ఎందువల్లో. ఆ రోజు చిటికెనవేలు తిమ్మిరెక్కింది. వేలి చివర చీమలు పాకుతున్నట్టు. ఏడో ఇన్నింగ్స్‌లో. మేనేజర్ దిబ్బ దగ్గరికొచ్చి, చెయ్యెలా ఉంది, సిద్ధమేనా అన్నాడు. సిద్ధం అన్నాడు అమౌరీ. ఇంకొకటి వేశాడు. పచ్చి చెరుకుగడ విరిచినట్టు చప్పుడైంది, అతనికి వినపడింది, క్యాచర్‌కీ వినపడింది. మణికట్టు దగ్గరున్న నరం ఒకటి తీసి మోచేతిలో కుట్టారు. ఏడాదిన్నర పాటు తలుపు గొళ్ళెం తిప్పడం, పళ్ళు తోముకోవడం కొత్తగా నేర్చుకున్నాడు. చెయ్యి తిరిగి సాగాక, వేగం కూడా దాదాపు తిరిగొచ్చాక, ఒక పొద్దున లోపలికి పిలిచి, నీ బూట్లూ గ్లవ్వూ సర్దుకో అన్నారు. అంతే. ‘సిద్ధం’ అన్న ఆ ఒక్కమాటకి దక్కింది అది.

ఆ మాట నేర్పింది ఎవరు? ఇదిగో, పక్కనే కూర్చుని పొద్దుతిరుగుడు గింజల పొట్టు ఉమ్ముతున్న చెంచోనే. ఇవాళ దొడ్డి కాపలా శిక్షకుడు, అప్పుడు మిల్లు వెనక ఖాళీ జాగాలో పిల్లలకి ఆట నేర్పే గురువు. బంతుల్లేక నీళ్ళ డబ్బా మూతలు విసిరిస్తూ, చీపురు కర్రతో కొట్టిస్తూ పిచర్లని తయారుచేసేవాడు. ఎండలో వరసగా నిలబెట్టి ‘‘పిచర్‌కి ఎన్ని మాటలొచ్చురా?’’ అని అరిచేవాడు. ‘‘ఒక్కటే!’’ అని అందరూ అరవాలి. ‘‘ఏమిటది?’’ ‘‘సిద్ధం!’’ జ్వరంగా ఉందన్నవాణ్ణి ఇంటికి పంపేసేవాడు, మర్నాడు రానిచ్చేవాడు కాదు. నొప్పన్నవాడి వంక చూసేవాడే కాదు. అందుకే ఈ మట్టిలో పుట్టిన పిచర్ ఎవడూ కాదనడు, నొప్పి అనడు, ఊపిరి పోతున్నా సిద్ధమే అంటాడు. చెంచో మంచివాడే. ఆకలిగా ఉన్న పిల్లలకి తన పళ్ళెంలోది పెట్టేవాడు. ఆ మంచితనం గుర్తొస్తేనే అమౌరీకి ఇంకా కసిగా ఉంది. చెడ్డవాడైతే తిట్టుకోడానికి సుళువుగా ఉండేది.

బ్యాటర్ నిలబడే ప్లేటు వెనక మూడో వరసలో గడ్డి టోపీ పెట్టుకున్న మెక్సికో మనిషి కూర్చున్నాడు. ఇక్కణ్ణుంచి చూస్తే టోపీ ఒక్కటే కనపడుతోంది. వేసవికి తన జట్టులోకి పిచర్లని ఏరుకోవడానికొచ్చాడు. ఆటకి ముందు అమౌరీతో చెయ్యి కలిపి, ‘‘నీ సంగతి విన్నాను తమ్ముడూ. ఇవాళ నిన్ను దిబ్బ మీద ఒక్కసారి చూస్తే చాలు. రేపు పొద్దున్న నా విమానం’’ అన్నాడు. ఈ ఏటికి ఇవాళే ఇక్కడ ఆఖరి ఆట కూడా. జట్టు ముందుకి పోయేది లేదు, ఎవరికీ దీనితో పనిలేదు, అమౌరీకి తప్ప. ఈ ఒక్క ఆటలో, ఆ ఒక్క మనిషి ముందు, మామూలు చెయ్యితో ఒక్క ఇన్నింగ్స్. అడిగింది అంతే. బాసిలియోకి ఆ సంగతి తెలుసు, పొద్దున స్వయంగా వెళ్ళి చెప్పాడు. ‘‘చూద్దాంలే’’ అన్నాడు బాసిలియో, కాఫీ కప్పు ఎడంచేత్తో పట్టుకుని. కుడిచేత్తో పట్టుకోలేడు. ఆయనా పిచరే ఒకప్పుడు. ఇప్పుడా చెయ్యి మోచేతి దగ్గర వంగి బిగుసుకుపోయింది, తల కూడా ఎడంచేత్తోనే దువ్వుకుంటాడు. ‘మా రోజుల్లో పొద్దునా సాయంత్రం వేసేవాళ్ళం’ అంటాడు మళ్ళీ. వేశావులే, కనపడుతూనే ఉంది.

‘‘చెంచో, ఎనిమిదిలో నన్ను దింపుతాడా?’’

చెంచో గింజలు నమిలాడు. పొట్టు ఉమ్మాడు. ‘‘కోటు సరిగ్గా తొడుక్కో. చెయ్యి చల్లారిపోతుంది.’’

‘‘నేనడిగింది అది కాదు.’’

‘‘ఆయన మనసులో ఏముందో నాకేం తెలుసురా?’’

‘‘నీకు తెలుసు. తెలియకపోతే ఇంతసేపు నా మొహం చూడకుండా ఉండవు.’’

చెంచో అప్పుడు చూశాడు. చూసి, తప్పు చేసినవాడిలా టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. ‘‘ఒరే, ఆవేశపడకు. ఇప్పుడు బంతులేస్తున్న మన నెల్సన్ ఎడంచేతివాడా? రాజధాని జట్టులో ఆ లావుపాటి బ్యాటర్‌కి ఎడంచేతి బంతులంటే పండగ. వాణ్ణి వాళ్ళింకా బెంచీ మీదే ఉంచారు, చూశావా? ఎందుకుంచారు? వాణ్ణి దింపితే మనం కుడిచేతివాణ్ణి, నిన్ను, దింపుతామని భయం. నువ్విక్కడ లేచి బంతులేస్తుంటే వాళ్ళక్కడ వాణ్ణి కూర్చోబెడుతున్నారు. అదీ బాసిలియో ఎత్తు. పనిచేస్తోంది కూడా.’’

‘‘అంటే నన్ను దింపడు.’’

‘‘దింపాల్సిన అవసరం రాకపోతే దింపడు.’’

‘‘అంటే నేను చేలో దిష్టిబొమ్మని.’’

‘‘జట్టు కోసం రా’’ అన్నాడు చెంచో. ఆ మాట అతనికే రుచించలేదు కాబోలు, మళ్ళీ గింజలు నోట్లో పోసుకున్నాడు.

దిష్టిబొమ్మ. చొక్కా తొడిగి చేలో నిలబెడతారు, పిట్టలు చూసి పోతాయి, దానికి కాళ్ళు నొప్పులా అని ఎవడూ అడగడు. కానీ దిష్టిబొమ్మని ఊరికే నిలబెడతారే! చెయ్యి విరిగేలా ఆడించమనరే! దోన్యా పురా, తల్లీ, నువ్వు నిజమే చెప్పావు, టీవీ ముందు కూర్చుని కాళ్ళు చాపుకుని చూసినదానివి నువ్వు కనిపెట్టావు, ఇక్కడ ఒళ్ళు హూనం చేసుకున్నవాడికి తెలీలేదు. మూడుసార్లు. గడ్డి టోపీ మనిషి కోసం దాచుకున్న బంతులన్నీ ఈ వల లోపలే ఖర్చయిపోయాయి. ఎవడో లావుపాటివాణ్ణి బెంచీ మీద ఉంచడానికి. నాన్న గుర్తొచ్చాడు, ఎందుకో ఇప్పుడే. నాన్న చెరుకు కొట్టేవాడు. కూలి గడల లెక్కన కాదు, కాటా మీద బరువు లెక్కన. నాన్న కొట్టి కుప్పవేసేవాడు, మేస్త్రీ బండి పంపేవాడు కాదు. ఇవాళ బండి లేదు, రేపు అనేవాడు. కుప్ప ఎండలో పడి ఎండేది, రసం ఇగిరిపోయేది, కాటాకి ఎక్కేసరికి సగం తేలిపోయేది. నాన్న కుప్ప పక్కన చతికిలబడి తన కొబ్బరాకు టోపీతో చెరుక్కి నీడ పట్టేవాడు. అంత కుప్పకి ఒక్క టోపీ నీడ! అప్పుడు అది చూసి అమౌరీకి నవ్వొచ్చింది, చిన్నతనం. ఇప్పుడు మోచేతి మీద ఈ కోటు కప్పుకుని తనేం చేస్తున్నాడు? బండి రావాలి, బండి వాళ్ళది, కాటా వాళ్ళది. ఎండేది మాత్రం నీ చెరుకు. నాన్న ఒక్కసారైనా మేస్త్రీ మొహాన కత్తి గిరాటేసి, పో, నీ చెరుకు నువ్వే కొట్టుకో అని ఉంటే! అనలేదు. ‘అలాగే అయ్యా’ అనేవాడు. ఇంట్లో ‘అలాగే’, పొలంలో ‘అలాగే’, ఆస్పత్రి మంచం మీద కూడా ‘అలాగే’.

ఫోను మోగింది.

చెంచో ఎత్తాడు, విన్నాడు, పెట్టేశాడు. ‘‘లే. ఈసారి నిజంగానే. తొందరగా!’’ మైదానంలో నెల్సన్ గురి తప్పి వరసగా ఇద్దర్ని ఊరికే మొదటి మూలకి నడిపించేశాడు, మూడోవాడికి బంతి ఒంటికి తగిలించి వాణ్ణీ పంపాడు, మూడు మూలలా మనుషులు నిండిపోయారు, ఇంకొక్కటి తప్పితే పరుగే. అప్పుడు రాజధాని మేనేజర్ ఎత్తు కనిపెట్టేశాడో, ఇక ఏదైతే అదయిందనుకున్నాడో, ఆ లావుపాటివాణ్ణి పంపాడు. వాడు బెంచీ మీంచి లేచి, బద్ధకంగా బ్యాటు ఊపుతూ వస్తున్నాడు, తిని పడుకుని లేచినవాడిలా, ఎంత తాజాగా ఉన్నాడో వెధవ. బాకాలు ఆగిపోయాయి. బాసిలియో మెట్లమీద నిలబడి దొడ్డి వైపు చూస్తున్నాడు, వంగిన చెయ్యి పొట్టకానించుకుని. గడ్డి టోపీ ముందుకి వంగింది. ఆ మనిషి ఒళ్ళోంచి వేగం కొలిచే యంత్రం పైకి తీశాడు. ఇక్కణ్ణుంచి కూడా కనపడింది, నల్లగా, తుపాకీలా.

ఇదే. నెలలుగా, అసలు బూట్లూ గ్లవ్వూ సర్దుకోమన్న ఆ పొద్దుట్నుంచి, అడిగింది ఇదే. అమౌరీ కోటు విప్పాడు. దిబ్బెక్కాడు. ఒకటి వేశాడు. బంతి వెళ్ళింది కానీ చేతిలోంచి వెళ్ళినట్టు లేదు, ఎవరో అరువిచ్చిన చేతిలోంచి వెళ్ళినట్టు ఉంది. రెండోది వేశాడు. క్యాచర్ గ్లవ్వు చప్పుడు చెయ్యలేదు, మెత్తగా మింగింది. క్యాచర్ బంతి తిరిగి విసరకుండా ఒక క్షణం చేతిలో పట్టుకుని, అమౌరీ వైపు చూసి, అప్పుడు విసిరాడు. బంతి పట్టుకుంటుంటే వచ్చింది. చిటికెనవేలి చివర చీమ. ఒకటి. దాని వెనకే ఇంకొకటి. బారులు తీరి పాకుతున్నాయి, వేలి పక్క నుంచి అరచేతి అంచుకి, అక్కణ్ణుంచి మోచేతి కుట్టు దాకా. ఈ చీమలు అతనికి తెలుసు. ఇవి వచ్చాక ఇంకెంత దూరముంటుందో తెలుసు. నడుమ దిబ్బ దాకా నడిచి వెళ్ళొచ్చు. జనం లేస్తారు, అమ్మ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి టీవీ ముందుకొస్తుంది, దోన్యా పురా నోరు మూసుకుంటుంది, గడ్డి టోపీ మనిషి కన్ను చిట్లించి చూస్తాడు. అప్పుడు పచ్చి చెరుకు విరుగుతుంది. ఈసారి కుట్టడానికి ఇంకో నరం ఎక్కణ్ణుంచి తెస్తారు? వెళ్ళకపోతే? ఆ టోపీ రేపు విమానమెక్కి పోతుంది. నడుమ దిబ్బ మీదికి రమ్మంటే రానన్నవాడు అనే పేరు రాజధాని దాకా పాకుతుంది. వచ్చే ఏడు ఎవడూ పిలవడు. రెండువైపులా తన చెయ్యే తెగేది. ఆ ఎత్తు వేసినవాడికి మాత్రం, తెగిన చెయ్యి పారేసి ఇంకోటి తెచ్చుకోడానికి దొడ్డినిండా చేతులున్నాయి.

అమౌరీ దిబ్బ దిగాడు. నడుస్తూనే బంతిని కంచె మూలకి గిరాటేశాడు, ఎడంచేత్తో. బెంచీ మీద పడున్న కోటు తీసి దులిపి, రెండు భుజాలూ సరిచేసి, బెంచీకి ఆనించి కూర్చోబెట్టాడు, మనిషి కూర్చున్నట్టుగా. జిప్పు కూడా మెడదాకా లాగాడు. అమ్మ చొక్కాలు మడత పెట్టేటంత శ్రద్ధగా చేశాడు. చెంచో నోట్లో గింజలు నమలడం మానేశాడు.

ఫోను మళ్ళీ మోగింది. చెంచో ఎత్తాడు. బాసిలియో గొంతు గొట్టం బయటికి కూడా వినపడుతోంది, సిద్ధమేనా, సిద్ధమేనా అని. చెంచో చేత్తో గొట్టం కప్పడం మర్చిపోయి, ఫోను అలాగే అమౌరీ వైపు చాపాడు. మిల్లు వెనక ఖాళీ జాగాలో అడిగినట్టే అడిగాడు, కానీ మెల్లగా, దాదాపు బతిమాలుతున్నట్టు.

‘‘ఏమని చెప్పను నాయనా?’’

‘‘కోటు సిద్ధంగా ఉంది, కావాలంటే తీసుకెళ్ళి దిబ్బ మీద నిలబెట్టుకోమను. చెయ్యి నాది, అది ఇంటికి పోతోంది.’’